పెండ్లి రిసెప్షన్‌లో ఫోటో బూత్: పెట్టాలా వద్దా తేల్చుకోవడం, పెడితే సరిగా నడిపించడం

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు ఫంక్షన్ హాల్ మాట్లాడుకున్న రోజునే క్యాటరింగ్, డెకరేషన్, ఎల్ఈడీ తెరలు, డీజే అనే పద్దుల పక్కన ఇప్పుడు ఫోటో బూత్, అంటే అతిథులు నిలబడి తమ ఫోటోనో వీడియోనో అప్పటికప్పుడు తీయించుకునే ఏర్పాటు, అనే పద్దు కూడా చేరుతోంది. ఇంట్లో చదువుకునే పిల్లలు అది తప్పకుండా ఉండాలంటారు. ఖర్చు భరించే పెద్దలు ఇన్ని కెమెరాలు ఉండగా ఇంకొకటి ఎందుకంటారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది గనుక, ఈ విషయాన్ని పంతానికి పోకుండా లెక్క చూసుకొని తేల్చుకోవడం ఎలాగో, పెట్టాలని తేలితే ఏమేం చూసుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పడం మంచిది. వచ్చిన అతిథి చేతిలో అచ్చయిన ఫోటో పెట్టి పంపే బూత్‌కు మన విందులో తగిన చోటు ఉంది. ఫోన్లలో ఒక్క రోజు తిరిగి మరుగైపోయే వీడియో కోసమే అయితే ఆ డబ్బు భోజనాల మీద పెట్టడం మేలు. ఈ యంత్రం పుట్టినదే ఫోటోను మనిషి చేతికి ఇవ్వడానికి. 1925లో అనటోల్ జోసెఫో అనే ఆవిష్కర్త న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే మీద తెరిచిన ఫోటోమాటన్ అనే బూత్‌లో 25 సెంట్లు చెల్లిస్తే సుమారు 8 నిమిషాల్లో 8 ఫోటోలున్న కాగితపు పట్టీ వచ్చేది. స్టూడియోకు వెళ్లే అలవాటు లేని సామాన్యులు కూడా తమ ఫోటోను జేబులో వేసుకొని పోగలిగారు.

మన ప్రాంతంలో ఆ అవసరం ఇంకా తీరలేదు. ఇంటింటా ఫోన్లు ఉన్నా, ఊళ్లలో అరవై దాటిన ఎంతోమందికి మంచి వెలుతురులో నిండుగా తీసిన ఫోటో ఒక్కటీ ఉండదు. ఉన్నదల్లా ఆధార్ కార్డు మీది ముఖం, లేదా ఎవరి పెండ్లి ఆల్బమ్‌లోనో అంచున సగం కనిపించే భుజం. మనిషి పోయిన తరువాత గోడకు పటం కట్టించవలసి వచ్చినప్పుడు ఆ చిన్న ముఖాన్నే స్టూడియోలో కత్తిరించి, పెద్దది చేయించి, వెనుక నీలం రంగు వేయించి తెచ్చుకుంటారు. పాలమూరు నుంచి ముంబయి, పుణె పనులకు పోయినవారు, నల్లగొండ వైపు నుంచి భివండి, షోలాపూర్, సూరత్ మగ్గాలకు పోయి అక్కడే స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు మళ్లీ ఒక్కచోట కలిసేది చాలావరకు పెండ్లిళ్లలోనే. అక్కాచెల్లెండ్లు నలుగురూ ఒకే ఫ్రేములో నిలబడే అవకాశం మళ్లీ ఎప్పుడు వస్తుందో చెప్పలేము. వేదిక మీద వధూవరుల పక్కన తీసే ఫోటోలో ఈ పని జరగదు; అక్కడ అక్షింతలు వేసి, కవరు చేతిలో పెట్టి, కెమెరా వైపు ఒక్కసారి చూసి దిగిపోవడమే ఉంటుంది, పైగా ఆ ఫోటో పెండ్లివారి ఆల్బమ్‌లోకి పోతుంది గాని వచ్చినవారి ఇంటికి చేరదు.

ముందు తేల్చుకోవలసినవి

మొదట చూడవలసినది డబ్బు. ఫోటో బూత్ అప్పు చేసి పెట్టవలసిన వస్తువు కాదు. పెండ్లి ఖర్చుకు వడ్డీకి తెచ్చిన డబ్బు ఏ కొంచెం కలుస్తున్నా, పద్దులలో ముందుగా కొట్టివేయవలసినది ఇదే. బగారా అన్నంలోకి కూర తక్కువైతే నాలుగు ఊళ్లలో మాట వస్తుంది. బూత్ లేదని ఎవరూ అలిగి వెళ్లరు. ఉన్న డబ్బులో సర్దుకునే వీలుంటే, డ్రోన్ గాని, బాణసంచా గాని, వేదిక ముందు పొగ వదిలే యంత్రం గాని ఒకటి తగ్గించి ఆ డబ్బుతో బూత్ పెట్టుకోవడం నా దృష్టిలో మంచి మార్పిడి.

రెండవది సమయం, జనం. ఇక్కడ చాలామంది లెక్క తప్పుతారు. ఒక కుటుంబం వచ్చి, కొంగులు సర్దుకొని, పిల్లలను ముందు నిలబెట్టుకొని, ఫోటో దిగి, అచ్చయినది అందుకొని పక్కకు తప్పుకోవడానికి రెండు నిమిషాలకు తక్కువ పట్టదు. మూడు గంటలంటే 180 నిమిషాలు. అంటే ఎంత చురుకుగా నడిపినా 90 కుటుంబాలు, నలుగురి చొప్పున 360 మంది. ఎనిమిది వందల మంది వచ్చే విందులో సగానికి పైగా బూత్ దాకా రాలేరు. కాబట్టి అందరికీ అందుతుందని శుభలేఖలో వేయవద్దు. ముందుగా ఎవరికి అందాలో, అంటే తాతలు, అవ్వలు, దూరం నుంచి వచ్చిన మేనత్తలు, మేనమామల కుటుంబాలు, వారి పేర్లను ఇంట్లోనే ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

మూడవది చోటు. ఇంటి ముందు పందిరి వేసి చేసే విందులో, పక్కనే వంటలు, ఎదురుగా వీధి, కరెంటు ఉంటుందో పోతుందో తెలియని చోట బూత్ పెట్టడం అనవసరమైన తిప్పలు. అక్కడ మీ ఊరి ఫోటోగ్రాఫర్‌నే అడిగి, ఒక గది గోడకు బట్ట కట్టించి, ఒక కుర్చీ వేసి, పెద్దలకు, కుటుంబాలకు ఫోటోలు తీయించి, మరుసటి రోజు అచ్చు వేయించి ఇళ్లకు పంపితే సరిపోతుంది. పేరు బూత్ కాకపోయినా పని అదే జరుగుతుంది.

ఏ రకం ఎంచుకోవాలి

ఇప్పుడు అద్దెకు దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు: వెనుక తెర, ముందు కెమెరా, పక్కన ప్రింటరు ఉండే తెరచిన బూత్, నిలువెత్తు అద్దంలో తెర వెలిగే మిర్రర్ బూత్, గుండ్రని పలక మీద మనిషి నిలబడితే చుట్టూ కెమెరా చెయ్యి తిరుగుతూ నెమ్మదిగా కదిలే వీడియో తీసే 360 బూత్. మొదటిదే మన విందుకు సరైనది. అద్దం బూత్ చూడడానికి ముచ్చటగా ఉన్నా, తెర మీది సూచనలు చదివి వేలితో తాకి నడిపించాలి గనుక పెద్దవారు దాని ముందు తడబడతారు.

360 బూత్ గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. ఎత్తుగా ఉన్న ఇరుకు పలక మీద పట్టుచీరతో ఎక్కి దిగడం వయసు మళ్లినవారికి ప్రమాదం. తిరిగే చెయ్యికి వేలాడే కొంగు, పొడవైన ఓణీ తగులుకునే వీలుంది. పిల్లలు ఆ చెయ్యి తిరిగే దారిలోకి పరుగెత్తుతారు. తప్పదనుకుంటే చుట్టూ కంచె కట్టించి, ఒక మనిషిని కేవలం పిల్లలను ఆపడానికే నిలబెట్టాలి. అంత శ్రమ పడిన తరువాత కూడా అతిథి చేతికి వచ్చేది ఏమీ ఉండదు.

హైదరాబాద్ నుంచి కంపెనీని పిలిపించకుండా స్థానిక స్టూడియోను అడిగి చూడండి. పాస్‌పోర్టు ఫోటోలు అప్పటికప్పుడు ఇచ్చే ప్రతి స్టూడియోలోనూ కెమెరా, రెండు లైట్లు, ఫోటో ప్రింటరు ఉంటాయి. బూత్‌కు కావలసినవి కూడా అవే. రవాణా ఖర్చు తగ్గుతుంది, ఫోటోగ్రాఫర్‌కు మన వాళ్లు ముఖపరిచయం ఉంటారు, విందు అయిన తరువాత ఏదైనా ప్రింటు మళ్లీ కావాలంటే బస్టాండు దగ్గరి షాపుకు పోయి తెచ్చుకోవచ్చు.

ఎక్కడ పెట్టాలి, ఎప్పుడు నడపాలి

ప్రవేశ ద్వారం పక్కన పెట్టడం అందరూ చేసేదే గాని అది సరి కాదు. వచ్చినవారికి ముందు పెండ్లివారిని కలవాలని, చదివింపులు రాయించాలని, భోజనం చేయాలని ఉంటుంది. ఎండలో డీసీఎం వ్యానులో కూర్చొని వచ్చినవారి ముఖం మీద చెమట, చీర మీద దుమ్ము అప్పటికి పోయి ఉండవు. భోజనాల హాలు నుంచి బయటి గేటుకు పోయే దారిలో, చేతులు కడుక్కునే చోటుకు కొంచెం అవతల బూత్ ఉంటే, తిని తేలిక పడిన మనుషులు తమంతట తామే ఆగుతారు. ఊరి జనమంతా ఒకే డీసీఎంలో వచ్చినప్పుడు డ్రైవరు బయలుదేరే వేళ ముందే తెలుసుకొని, ఆ ఊరివారిని అరగంట ముందుగా బూత్ వద్దకు తీసుకురావాలి. లేకపోతే హారన్ వినగానే వరుసలో ఉన్నవారంతా వెళ్లిపోతారు.

వేదిక ఎదుట పెట్టవద్దు. వధూవరులకు అక్షింతలు వేయడం ఆ సాయంత్రపు ముఖ్యకార్యం. దాని నుంచి జనాన్ని లాగేది ఏదీ ఉండకూడదు. చదివింపులు రాసే బల్ల పక్కన కూడా వద్దు, ఎందుకంటే రెండు వరుసలు కలిసిపోయిన చోట డబ్బు కవర్లకు కాపలా కష్టమవుతుంది. డీజే పెట్టెలకు, వేదిక మీది ఊదా, నీలం లైట్లకు దూరంగా ఉండాలి. ఆ రంగులు ముఖాల మీద పడితే ఎంత మంచి కెమెరా అయినా ముఖాన్ని ముఖంలా చూపలేదు.

వధూవరులు వేదిక ఎక్కకముందు పది నిమిషాలు బూత్‌కు వచ్చి, రెండు వైపుల తాతలు, అవ్వలతో, తోబుట్టువులతో ఫోటోలు దిగితే మంచిది. ఒకసారి వేదిక ఎక్కిన తరువాత వారిని మళ్లీ కిందికి పిలవకూడదు.

వెలుతురు, వెనుక తెర

బూత్ బాగుండడం, బాగుండకపోవడం చాలావరకు ఇక్కడే తేలుతుంది. మన వైపు పెద్దమనిషి తెల్లని పంచె, తెల్లని చొక్కా వేసుకొని వస్తాడు. ముఖం ఏండ్ల తరబడి చేలో ఎండకు కమిలి ఉంటుంది. కెమెరాను ఆటోమేటిక్‌లో వదిలేస్తే అది తెల్లబట్టల వెలుగును చూసి మొత్తం ఫోటోను చీకటి చేస్తుంది. చొక్కా చక్కగా వస్తుంది, ముఖం నల్లటి మచ్చలా మిగులుతుంది. ఆ పక్కనే జరీ చీర కట్టుకున్న ఆడపడుచు నిలబడితే, ఎదురుగా కొట్టే ఫ్లాష్‌కు జరీ తళుక్కున మెరిసి ఆ చోటంతా తెల్లబారుతుంది. ఈ రెండింటికీ ఒకటే ఉపాయం: రెండు పెద్ద మెత్తని లైట్లను, అంటే సాఫ్ట్‌బాక్సులను, కెమెరాకు రెండు పక్కల, మనిషి తలకన్నా కొంచెం ఎత్తుగా, ఏటవాలుగా పెట్టించి, కెమెరాను మాన్యువల్‌లో ఉంచి ముఖానికి సరిపోయేలా వెలుతురు ఒకసారి కొలిచి స్థిరపరచాలి. మనుషులు నిలబడే చోట నేల మీద టేపు గీత అతికిస్తే ప్రతిసారీ కొలవవలసిన పని ఉండదు. రింగ్ లైటు ఒక్కదానితో సరిపెడతామంటే ఒప్పుకోవద్దు. అది ఒకరిద్దరి ముఖాలకు చాలుతుంది గాని ఆరుగురు నిలబడితే చివరివారు చీకట్లో ఉంటారు, కండ్లద్దాలలో తెల్లటి వలయం కనిపిస్తుంది.

ముఖాలను తెల్లగా, నున్నగా చేసే ఫిల్టరును పూర్తిగా ఆపించండి. ఇది నేను పట్టుబట్టి చెప్పే మాట. అవ్వ ముఖం మీది ముడతలు, నుదుటి పచ్చబొట్టు, ఎండకు మారిన రంగు ఉంటేనే అది ఆమె ఫోటో. వాటిని చెరిపిన ఫోటోను రేపు మనుమలు గుర్తుపట్టలేరు.

తెర వెడల్పు ఎనిమిది అడుగులు ఉంటే అయిదారుగురు పడతారు. మన కుటుంబాలకు పది, పన్నెండు అడుగులు ఉండడం మేలు. ప్లాస్టిక్ పూల గోడ, ఇంగ్లిష్ అక్షరాలు వెలిగే నియాన్ బోర్డు ఏ ఊరి విందులోనైనా ఒకేలా ఉంటాయి. వాటి బదులు మన మగ్గం బట్టను తెరగా కడితే ఫోటో చూడగానే అది ఎక్కడిదో తెలుస్తుంది. భూదాన్ పోచంపల్లి, పుట్టపాక ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నా, 2016 దాకా నల్లగొండ జిల్లావే. పోచంపల్లి ఇక్కత్ డబుల్ దుప్పటి సాధారణంగా 90×108 అంగుళాలు ఉంటుంది. రెండింటిని పక్కపక్కన కుట్టిస్తే పదిహేను అడుగుల తెర అవుతుంది, విందు అయిన తరువాత కుట్టు విప్పి వాడుకోవచ్చు. పెద్ద నమూనా, ముదురు రంగు ఒకటి రెండు మాత్రమే ఉన్న దుప్పటి ఎంచుకోవాలి. గద్వాల, నారాయణపేట చీరల అంచులు ముందు నిలబడినప్పుడు వెనుక కూడా అంతే రద్దీగా ఉంటే కన్ను ఎక్కడా నిలవదు; అటువంటప్పుడు గోధుమ రంగు గాని, ముదురు ఆకుపచ్చ గాని సాదా బట్టే మంచిది. బట్టకు ఇస్త్రీ చేయించి, కింద బరువు కట్టించి, మనుషులకు తెరకు నడుమ నాలుగైదు అడుగుల ఎడం ఉంచితే ముడతలు, నీడలు కనిపించవు.

కెమెరా ఛాతీ ఎత్తులో ఉండాలి. ఇరుకు చోటని వైడ్ లెన్సు వాడితే అంచున ఉన్నవారు సాగినట్లు వస్తారు. ఆ చివర నిలబడేది తరచుగా పెద్ద వదినెలు, పిన్నులే గనుక ఫోటో చూసి నొచ్చుకుంటారు. కెమెరాను వెనక్కు జరిపే చోటు ఉందో లేదో హాలు చూడడానికి వెళ్లిన రోజే అడుగులు వేసి చూసుకోవాలి.

ప్రింటరు, కరెంటు

బూత్‌లలో ఎక్కువగా వాడేది డై సబ్లిమేషన్ ప్రింటరు. ఇందులో సిరా ఉండదు. రిబ్బన్ మీది పసుపు, మెజెంటా, సయాన్ రంగులను వేడితో ఒకదాని తరువాత ఒకటి కాగితంలోకి ఎక్కించి, చివరకు పారదర్శకమైన పొర వేస్తుంది. అందువల్ల ఫోటో బయటికి రాగానే పొడిగా ఉంటుంది, తడి చేయి తగిలినా వెంటనే చెదరదు. డీఎన్‌పీ ఆర్ఎక్స్1 హెచ్ఎస్ వంటి బూత్ ప్రింటరు 4×6 అంగుళాల ఫోటోను పన్నెండు సెకన్లకు కొంచెం అటూ ఇటూగా ఇస్తుంది, ఒక రోల్‌కు 700 ఫోటోలు వస్తాయి. చిన్న ఇంటి ప్రింటర్లలో కాగితం నాలుగుసార్లు బయటికి వచ్చి లోపలికి పోతుంది; మొదటిసారి పసుపు బొమ్మ కనిపించగానే పిల్లలు లాగితే అది చిరిగి యంత్రం ఆగిపోతుంది. అటువంటి ప్రింటరు రిసెప్షన్‌కు చాలదు.

పైన చెప్పిన రెండు నిమిషాల లెక్కలో ప్రింటరు వాటా చాలా తక్కువని గమనించండి. ఆలస్యం మనుషులు నిలబడడంలో ఉంటుంది. కాబట్టి జనం వెయ్యి దాటేటట్లయితే రెండవ ప్రింటరు కోసం డబ్బు పెట్టకుండా, రెండవ తెర, రెండవ కెమెరా పెట్టించి రెండింటినీ ఒకే ప్రింటరుకు కలిపిస్తే చాలు.

వైశాఖ, జ్యేష్ఠ మాసాల ముహూర్తాలలో నల్లగొండలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఈ ప్రింటర్లు పనిచేయడానికి తయారీదారులు చెప్పే గరిష్ఠ వేడి సాధారణంగా 35 డిగ్రీలు. పగటి విందులో ఆరుబయట, రేకుల కింద పెడితే అవి చల్లబడడానికి మాటిమాటికీ ఆగుతాయి. ఏసీ హాలు లేనప్పుడు కనీసం ప్రింటరునైనా లోపలి గదిలో, కూలర్ తేమ నేరుగా తగలని చోట ఉంచాలి. దుమ్ము ఇంకొక శత్రువు. రిబ్బన్ మీద పడిన ఒక్క రేణువు ఫోటో మీద తెల్లని చుక్కగానో గీతగానో మిగులుతుంది. మట్టి నేల అయితే నీళ్లు చల్లించి, బల్ల మీద శుభ్రమైన బట్ట పరిపించాలి.

కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపు కొన్ని సెకన్లు చీకటి అవుతుంది. సగం అచ్చయిన కాగితం ఆ కొన్ని సెకన్లలోనే పాడవుతుంది, ప్రింటరు తిరిగి మొదలు కావడానికి మరికొన్ని నిమిషాలు పడుతుంది. ప్రింటరుకు, కంప్యూటరుకు తగిన సామర్థ్యం గల యూపీఎస్ ఉండి తీరాలి. లైట్లను దానికి కలపకూడదు. డీజే ఆంప్లిఫయర్లు, వంట దగ్గరి గ్రైండర్లు ఉన్న లైనులో బూత్‌ను పెట్టనీయవద్దని హాలు ఎలక్ట్రీషియన్‌కు ముందు రోజే చెప్పాలి. వైర్ల మీద నేలకు టేపు వేయించడం మరిచిపోవద్దు. చీర కట్టుకున్నవారు నడిచే దారి అది.

ఫోటో మీద అక్షరాలు

నాలుగు చిన్న ఫోటోలున్న పొడవాటి పట్టీకన్నా 4×6 అంగుళాల ఒకే ఫోటో మేలు. ముఖాలు పెద్దగా కనిపిస్తాయి, ఏ ఊరి దుకాణంలోనైనా ఫ్రేము దొరుకుతుంది. కింద సన్నని పట్టీలో వధూవరుల పేర్లు, ఊరు, తేదీ చాలు. వధూవరుల ఫోటోను మూలన పెట్టిస్తే అతిథుల ఫోటోలో సగం చోటు పోతుంది.

తెలుగులో పేర్లు వేయించేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. బూత్ సాఫ్ట్‌వేర్లు చాలావరకు విదేశాలలో తయారైనవి. వాటిలో నేరుగా తెలుగు టైపు చేస్తే వత్తులు విడిపోయి పక్కన పడతాయి, శ్రావ్య, లక్ష్మి వంటి పేర్లు ముక్కలవుతాయి. శుభలేఖ అచ్చువేసిన డీటీపీ షాపులోనే ఆ పట్టీని బొమ్మగా తయారు చేయించి, బూత్ వారికి ఇచ్చి, వారం ముందు ఒక ఫోటో అచ్చు వేయించి చూసుకోవాలి. ఫోన్ తెర మీద చూపించిన నమూనాను నమ్మి ఊరుకోవద్దు.

ప్రతి కుటుంబానికి ఒక ఫోటో ఇచ్చి, రెండవ ప్రతిని ఒక పుస్తకంలో అతికించే పద్ధతి నాకు చాలా ఇష్టమైనది. మన ఇండ్లలో చదివింపుల పుస్తకాన్ని ఏండ్ల తరబడి బీరువాలో దాచుకుంటాము. ఎవరు ఎంత పెట్టారో చూసి వారి ఇంటి శుభకార్యానికి తిరిగి పెట్టాలి గనుక. దానికి జోడుగా ముఖాల పుస్తకం ఒకటి ఉంటే, పేరు చూసి మనిషి గుర్తురాక ఇబ్బంది పడే కొత్త కోడలికి బంధువర్గమంతా ఒక్కచోట పరిచయమవుతుంది. ఫోటో కింద పేరు, ఊరు, వరుస రాయించాలి. రాయడం రానివారి తరఫున రాయడానికి ఒక కాలేజీ పిల్లను కూర్చోబెట్టి, వారు చెప్పిన మాటను చెప్పినట్లే రాయమనండి.

బూత్ దగ్గర మనుషులు

యంత్రం నడిపే ఆపరేటర్ ఒకరు, వరుస చూసే మనిషి ఒకరు బూత్ వారి నుంచి రావాలి. మీ ఇంటి నుంచి ఇద్దరు ఉండాలి. ఆ ఇద్దరిలో ఒకరు ఆడపిల్ల కావడం అవసరం. కొంగు సర్దుకోమని, దగ్గరగా జరగమని పరాయి మగవాడు చెబితే మన స్త్రీలు బిగుసుకుపోతారు. ప్రసిద్ధ ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచినప్పుడు దాని బాధ్యతను ఒక మహిళకే అప్పగించారు. ఆ ఆలోచన ఈనాటికీ పనికివస్తుంది. ఇంటి పిల్లలు అయితే "పెద్దమ్మా, నువ్వు, చిన్నమ్మ కలిసి దిగండి", "తాతా, కుర్చీలో కూర్చో, అవ్వను పక్కన నిలబెడతా" అని వరుస పెట్టి పిలవగలరు. ఆ పిలుపుకు వచ్చేవారు మైకులో ప్రకటనకు రారు.

సరంజామాలో అన్నిటికన్నా ముఖ్యమైనది చేతులున్న గట్టి కుర్చీ. ప్లాస్టిక్ కిరీటాలు, రంగు విగ్గులు, అట్ట మీసాలు చిన్న పిల్లలకు నాలుగు ఉంటే ఉండనివ్వండి, పెద్దల చేతికి మాత్రం ఇవ్వవద్దు. లంబాడా స్త్రీల దుస్తులను, ఆభరణాలను వేషంగా తగిలించుకునే ఏర్పాటు కొన్ని చోట్ల చేస్తున్నారు. దేవరకొండ, అచ్చంపేట తండాల నుంచి అతిథులు వచ్చే విందులో అది వారిని నొప్పిస్తుంది. ఎవరూ రాకపోయినా అది తగని పనే.

ఫోటో దిగడానికి ఇష్టపడని వ్యక్తిని బలవంతపెట్టవద్దు. కొందరు మైల వల్లనో, ఇంటిలో దుఃఖం వల్లనో ఫోటో దిగరు, కారణం చెప్పరు. ఒక్కసారి అడిగి వదిలేయడం మర్యాద.

ఒప్పందం

అడ్వాన్సు ఇచ్చే ముందు మాట్లాడుకున్నవన్నీ కాగితం మీద ఉండాలి. ఎన్ని గంటలు, ఆ గంటలు మొదలయ్యేది సామాను దిగినప్పటి నుంచా, మొదటి ఫోటో నుంచా. ఎన్ని ప్రింట్లు, దాటితే ఒక్కొక్కదానికి ఎంత. అదనపు గంటకు ఎంత. రెండవ రోల్ వెంట తెస్తారా. ప్రింటరు చెడిపోతే ఏమి చేస్తారు. రవాణా, మనుషుల భోజనం ఎవరివి. "అన్‌లిమిటెడ్" అన్న మాటకు పొంగిపోవద్దు. మూడు గంటల్లో తీయగలిగినవి ఎన్నో పైన చూశాము, వారికీ ఆ లెక్క తెలుసు. ధరను ప్రింట్ల సంఖ్యతో భాగించి, మీ స్టూడియోలో 4×6 ఫోటో ధరతో పోల్చి చూస్తే బేరం ఆడవలసినంత ఆధారం దొరుకుతుంది.

ఒక షరతును మాత్రం వదులుకోకూడదు: అతిథుల ఫోటోలను, ముఖ్యంగా ఆడపిల్లలవి, పిల్లలవి, బూత్ వారు తమ ఇన్‌స్టాగ్రామ్‌లో గాని, ప్రచారంలో గాని వాడకూడదు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఎవరైనా అందరి ఫోటోలు చూడగలిగే గ్యాలరీ వద్దనండి. వాట్సాప్‌లో పంపడానికి తీసుకున్న ఫోన్ నంబర్లను తరువాత వ్యాపారానికి వాడకూడదని కూడా రాయించండి. వ్యక్తిగత సమాచారానికి సంబంధించి 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమ్మతికి పెద్దపీట వేస్తుంది. పెండ్లికి వచ్చి ఫోటో దిగినంత మాత్రాన ప్రచారానికి సమ్మతి ఇచ్చినట్లు కాదు.

ఆ రోజు, ఆ తరువాత

అతిథులు రావడానికి రెండు గంటల ముందే బూత్ సిద్ధం కావాలి. తెల్లచొక్కా వేసుకున్న ఒక పెద్దాయనను, పట్టుచీర కట్టుకున్న ఒకామెను, ఒక పిల్లవాడిని కలిపి నిలబెట్టి ఫోటో తీయించి, అచ్చు వేయించి, హాలు లైట్లన్నీ వేయించిన తరువాత మళ్లీ ఒకటి వేయించి రెండూ పక్కపక్కన చూడండి. ముఖాలు సరిగా వచ్చేదాకా ఆపరేటర్‌ను కదలనీయవద్దు. అచ్చయిన ప్రతి ఫోటోను కాగితపు కవరులో పెట్టి ఇవ్వాలి. చౌకరకం పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో ఏండ్ల తరబడి ఉంచితే రంగులు అంటుకొని చెదిరే అవకాశం ఉంది. వెనుక మార్కరుతో తేదీ, పేర్లు రాసుకోమని చెప్పండి.

బూత్ విప్పకముందే అసలు ఫోటో ఫైళ్లన్నీ మీ పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకొని, నాలుగైదు తెరిచి చూసి, ఆ తరువాతే మిగిలిన డబ్బు చెల్లించాలి. రెండు రోజుల్లో వాటిని ఇంకొక చోట కూడా దాచండి. బంధువులకు వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపితే నాణ్యత తగ్గదు, వారు కావాలంటే పెద్ద పటం కట్టించుకోవచ్చు. హడావుడిలో అందుకోకుండా వెళ్లిపోయినవారి ప్రింట్లు కొన్ని బల్ల మీద తప్పక మిగులుతాయి. వాటిని ఊరి వారీగా కట్టలు కట్టి, పదహారు రోజుల పండుగకు వచ్చే చుట్టాల చేతికి ఇచ్చి పంపండి, ఎవరూ రాని ఊళ్లకు పేరు, చిరునామా రాసి పోస్టులో వేయండి.